వసిష్ఠుల వారి వేడినీళ్ళు

మా అత్తగారి మోకాళ్ళకి రాజమండ్రిలో జరగని వైద్యం లేదు. ఆముదం కాచి రాశాం. వావిలాకు మరగబెట్టి ఆ నీళ్ళు పోశాం. ఇసుక వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టాం. ఆఖరికి ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూసి, "కీళ్ళు అరిగాయండీ, డెబ్భైఆరేళ్ళు వాడిన కీళ్ళు కదా" అన్నారు. "అరగనివ్వకుండా దాచి ఎవరికివ్వాలి నాయనా" అని ఆవిడ లేచి వచ్చేశారు.

మావారు బ్యాంకు వుద్యోగం నుంచి రిటైరై ఏడాది కాలేదు. ఏ రోజుకారోజు ఏదో ఒక ప్రయాణం కాగితం మీద వేయడం, మర్నాడు చింపేయడం ఆయనకి కాలక్షేపంగా వుండేది. అటువంటి ఒకనాడు, పాత స్నేహితుడొకరు చెప్పారంటూ, హిమాచల్‌లో మనాలి పక్కన కొండమీద ఒక వూరుందనీ, అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు వూరతాయనీ, ఆ నీళ్ళలో కూర్చుంటే కీళ్ళు తేలికపడతాయనీ తీసుకొచ్చారు కబురు.

"వేడినీళ్ళకి హిమాలయాలదాకా ఎందుకురా?" అన్నారు అత్తగారు. "భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే రావూ?"

"ఆ వూరి పేరు వశిష్ఠ్ అమ్మా. వసిష్ఠుడి గుడి కూడా వుందిట."

ఆవిడ వత్తులు చేస్తున్న చేతులు ఆగాయి. "ఏ వసిష్ఠుడు? మన భారతంలో వసిష్ఠుడేనా?" అన్నారు.

ఆ ప్రశ్న విని నేనూ మావారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే ఆవిడ దేన్ని గురించైనా ప్రశ్న అడిగి మూడేళ్ళయింది.

2019లో మా మరిది పోయాడు. నలభై నిండలేదు. రాత్రి భోంచేసి పడుకున్నవాడు తెల్లవారి లేవలేదు. హైదరాబాదులో ఆ పన్నెండు రోజులూ వుండి వచ్చిన తరవాత అత్తగారు మళ్ళీ ఆ వూరి పేరెత్తలేదు. నా తోడికోడలి వుద్యోగం అక్కడే, పిల్ల చదువూ అక్కడే. మరుసటి సంక్రాంతికి వాళ్ళే వచ్చి రెండు రోజులున్నారు. అత్తగారు పూజగదిలోంచి ఇవతలికి వస్తే ఒట్టు. ఆరేళ్ళ పిల్ల గుమ్మం దగ్గరికి వెళ్ళి "నాయనమ్మా" అని పిలవడం, లోపల గంట మోగడం, పిల్ల వెనక్కి రావడం, ఇదీ జరిగింది. దాని ముఖం అచ్చు తండ్రి ముఖం. ఆవిడ తప్పని నేననలేను. కాని మా తోడికోడలు బట్టలు సర్దుకుంటూ ఏడ్చిన ఏడుపు కూడా నాకు గుర్తుంది. ఆ తరవాత కరోనా వచ్చి రాకపోకలే ఆగిపోయాయి. ఫోను చేస్తే "అంతా బావున్నారా" అని అడిగి, ఫోను నా చేతికిచ్చేసేవారు.

2022లో, దసరా వెళ్ళిన వారం తరవాత బయలుదేరాం. హైదరాబాదులో విమానం మారాలి. మూడుగంటల వ్యవధి వుంది. తోడికోడలు పిల్లని తీసుకుని వస్తానంది. "ఎందుకమ్మా శ్రమ" అన్నారు అత్తగారు, ఫోను దూరంగా పట్టుకుని.

చండీగఢ్‌లో దిగి కారు మాట్లాడుకున్నాం. అక్కణ్ణుంచి మనాలి సుమారు 300 కిలోమీటర్లు. మైదానం అయిపోయి కొండలెక్కడం మొదలుపెట్టాక దారి మెలికలే మెలికలు. బిలాస్‌పూర్ దాటి సలాపర్ దగ్గర ఒక వంతెన వచ్చింది. కింద పచ్చటి నీళ్ళు, ఒడ్డున పెద్ద విద్యుత్కేంద్రం. "ఏ నది?" అన్నారు అత్తగారు. సట్లెజ్ అన్నాడు డ్రైవరు. అంటే శతద్రువు అన్నారు మావారు.

ఆవిడ నిటారుగా కూర్చున్నారు. "అయితే విపాశ ఎక్కడ?"

విపాశ అంటే ఇప్పటి బియాస్. ఇంకా ముందుంది, మండీ వూరి దగ్గర కనపడుతుంది. కాని మావారు, ఎక్కడ చదివారో, మంచి సంగతొకటి చెప్పారు. ఆ కనిపించే దేహర్ విద్యుత్కేంద్రానికి వచ్చే నీళ్ళు బియాస్ నీళ్ళేనట. పండో దగ్గర బియాస్‌కి ఆనకట్ట కట్టి, కొండలు తొలిచి, సొరంగాల్లోంచీ కాలవలోంచీ ఆ నీళ్ళు తెచ్చి ఇక్కడ సట్లెజ్‌లో దింపుతారు. 1977 నుంచి జరుగుతోంది. ఈ రెండు నదులూ ఎలాగూ తరవాత పంజాబులో హరికే దగ్గర కలుస్తాయి. ఇంజనీర్లు అంతదాకా ఆగలేక ముందే కలిపేశారన్నమాట.

"ఆ రెంటినీ కలిపింది ఇంజనీర్లు కాదు, వసిష్ఠుడు" అన్నారు అత్తగారు, మూడేళ్ళుగా విననంత గట్టిగా.

ఆవిడ తండ్రిగారు సాయంత్రాలు అరుగుమీద భారతం చదివి అర్థం చెప్పేవారట. ఆదిపర్వం అంతా ఆవిడకి కంఠతా రాకపోయినా కథ మాత్రం పోసపోయకుండా చెబుతారు. నన్నయగారి వూరివాళ్ళమన్న అభిమానం ఒకటి. కారులో ఆ కథ చెప్పారు. విశ్వామిత్రుడి పంతంవల్ల కల్మాషపాదుడనే రాజుకి రాక్షసుడు ఆవహించాడు. ఆ రాజు వసిష్ఠుడి పెద్దకొడుకు శక్తినీ, తరవాత మిగిలిన కొడుకులనీ, నూరుమందినీ తినేశాడు. అంతటి బ్రహ్మర్షి, శపించి భస్మం చేయగలవాడు, తిరిగి ఏమీ చేయలేదు. చచ్చిపోదామనుకున్నాడు. మేరువు మీంచి దూకితే దూదికుప్పమీద పడ్డట్టయింది. నిప్పుల్లో దూకితే కాలలేదు. మెడకి రాయి కట్టుకుని సముద్రంలో పడితే కెరటాలు ఒడ్డున పెట్టాయి. అప్పుడు వొళ్ళంతా తాళ్ళతో బిగించుకుని వరదలో వున్న నదిలో పడ్డాడు. నది ఆ పాశాలు తెంపి ఆయన్ని గట్టున పెట్టింది. అందుకని అది విపాశ. మొసళ్ళున్న ఇంకో నదిలో పడితే అది భయపడి నూరు పాయలై పారిపోయింది. అది శతద్రువు.

"తరవాత?" అన్నారు మావారు.

"తరవాతేముంది, ఆశ్రమానికి తిరిగొచ్చాడు" అని ఆవిడ కిటికీవైపు తిరిగారు.

కథ అక్కడితో అయిపోలేదని నాకు తెలుసు. మావారికీ తెలుసు. ఇద్దరం మాట్లాడలేదు.

పండో దాటిన తరవాత లోయ బాగా ఇరుకు. నది పక్కనే వుంటుంది. మేము హైదరాబాదు మీదుగా వచ్చామని డ్రైవరుకి తెలుసు. థలోట్ దగ్గర బండి నెమ్మది చేసి, కిందికి చెయ్యి చూపించాడు. ఏమీ అనలేదు. అనక్కర్లేదు. 2014 జూన్ 8న, సాయంత్రంవేళ, హైదరాబాదు నుంచి విహారయాత్రకి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు అక్కడ నదిలో రాళ్ళమీద నిలబడి ఫోటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. ఆ వారమంతా మన ఇళ్ళల్లో ఎవరూ టీవీ ముందునుంచి లేవలేదు కదా. నేను చూసిన రోజున ఆ నీళ్ళు మోకాలు లోతు కూడా లేనట్టు, అమాయకంగా, రాళ్ళ మధ్యనుంచి జారిపోతున్నాయి.

"ముసలాయన్ని గట్టున పెట్టింది" అన్నారు అత్తగారు చాలాసేపటికి. ఇంకేమీ అనలేదు. మనాలి చేరేదాకా కారులో మాటలేదు.

వశిష్ఠ్ వూరు మనాలికి మూడు కిలోమీటర్లు, బియాస్‌కి అవతలి గట్టున కొండవాలుమీద. మనాలే 2,000 మీటర్ల ఎత్తు. ఇది ఇంకా పైకి. ఒకటే వీధి. ఆ వీధి మొదట్లో నన్నడిగితే వెనక్కి పోదామనేదాన్ని. అటూ ఇటూ నాలుగేసి అంతస్తుల సిమెంటు లాడ్జీలు, విదేశీయుల కోసం పెట్టిన కాఫీ హోటళ్ళు, శాలువల దుకాణాలు, గుర్రమంత చప్పుడు చేసే మోటారుసైకిళ్ళు. ఋష్యాశ్రమం వూహించుకుని వచ్చినవాళ్ళకి ఇది కొంచెం కష్టమే. కాని వీధి చివరికి పోయి, ఇళ్ళ మధ్య సందులోకి తిరిగితే అసలు వూరు మొదలవుతుంది.

అక్కడి పాత ఇళ్ళు చూడవలసినవి. ఒక వరస దేవదారు దూలాలు, ఒక వరస రాళ్ళు, మళ్ళీ దూలాలు, మళ్ళీ రాళ్ళు. మధ్యలో సున్నంగాని సిమెంటుగాని లేదు. మూలల దగ్గర దూలాలు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుంటాయి. కాఠ్‌కుణీ అంటారు దీన్ని. పైకప్పుకి పలకరాళ్ళు. కింద పశువులు, పైన మనుషులు. పశువుల వెచ్చదనం చలికాలంలో పైవాళ్ళకి అందుతుంది. భూకంపం వస్తే ఇల్లు కాస్త అటూ ఇటూ వూగుతుందేగాని కుప్పకూలదు. 1905లో కాంగ్డా భూకంపం సుమారు 20,000 మందిని పొట్టనబెట్టుకుంది. ఆ కొండసీమల్లో ఇళ్ళిలా కట్టుకోవడం వూరికే వచ్చిన అలవాటు కాదు. మా లాడ్జీ ఆసామి తాతగారి ఇల్లు అటువంటిదే. దాని పక్కనే తను సిమెంటుతో లాడ్జీ కట్టాడు. "మీరు ఎందులో పడుకుంటారు?" అని మావారు అడిగితే, నవ్వి పాత ఇల్లు చూపించాడు.

మర్నాడు తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే గుడికి వెళ్ళాం. వీధిలో రాతి తూములున్నాయి. వాటిలోంచి పొగలు కక్కుతూ వేడినీళ్ళు పడుతుంటే, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని గిన్నెలు తోముకుంటున్నారు, బట్టలు ఉతుక్కుంటున్నారు. గళ్ళ వున్ని పట్టు వొంటికి చుట్టుకుని, సూదులతో బిగించుకుని, తలకి రుమాలు కట్టుకున్నారు. గడ్డకట్టే చలిలో పొయ్యి వెలిగించకుండా వేడినీళ్ళు! "వీళ్ళు పూర్వజన్మలో ఎంత పుణ్యం చేశారో" అన్నాను. "అంట్లు మాత్రం తప్పలేదుగా" అన్నారు అత్తగారు.

వసిష్ఠుడి గుడి చిన్నది. చెక్కడపు పనితో కొయ్యా రాయీ కలిపి కట్టింది. లోపల పొగచూరిన చీకట్లో నల్లరాతి వసిష్ఠుడు. పక్కనే రాముడి గుడి. గురువుగారిని వదిలి శిష్యుడు ఎక్కడుంటాడు? గురువుగారి స్నానానికి లక్ష్మణుడు బాణం వేసి ఈ వేడినీళ్ళు తెప్పించాడని అక్కడివాళ్ళ కథ.

లక్ష్మణుణ్ణి అలా వుంచితే, వేడినీళ్ళంటే అగ్నిపర్వతం వుండాలని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇక్కడ అగ్నిపర్వతాలేమీ లేవు. కొండమీద పడిన వాననీరూ కరిగిన మంచూ రాతి పగుళ్ళలోంచి కిందికి, కిందికి ఇంకుతాయి. లోతుకి పోయినకొద్దీ భూమి వేడి. మామూలు చోట్లనైతే కిలోమీటరుకి 25, 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. అక్కడ కాగిన నీళ్ళు ఇంకో పగులు దొరికితే పైకి తన్నుకొస్తాయి. వస్తూ రాళ్ళలోని గంధకమూ మరి కొన్ని లవణాలూ కరిగించి తెస్తాయి. అందుకే ఆ వాసన. మా అత్తగారు ముక్కు ఎగబీల్చి, "దీపావళి ముందే వచ్చిందే" అన్నారు. నిజమే, కాల్చిన మతాబుల వాసనే. ఇదే జిల్లాలో పార్వతీ లోయలో మణికరణ్ వుంది. అక్కడ నీళ్ళు ఇంచుమించు మరుగుతూనే పైకి వస్తాయి. గుడ్డలో బియ్యం మూటగట్టి దింపితే అన్నం వుడుకుతుంది.

ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు తొట్లు. రాళ్ళు పరిచిన తొట్టి, పైన ఆకాశం. డబ్బు ఇవ్వక్కరలేదు. ముందు తూము దగ్గర వొళ్ళు కడుక్కుని దిగాలి. నేను బొటనవేలు పెట్టి "అమ్మో" అని వెనక్కి లాక్కున్నాను. ఒక వూరి ఆవిడ, మా అత్తగారి వయసే వుంటుంది, నన్ను చూసి నవ్వి, అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ దింపింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి హిందీ రాదు. ఇద్దరూ మోకాళ్ళు చూపించుకున్నారు. అంతే, స్నేహమైపోయింది.

మెడదాకా నీళ్ళలో కూర్చుని అత్తగారు కళ్ళు మూసుకున్నారు. తెల్లవారుతోంది. ఎదురుగా కొండలమీద కొత్తగా పడిన మంచు మొదట బూడిదరంగుగా, తరవాత గులాబీగా, చూస్తుండగానే తెల్లగా అయింది. పదిహేను నిమిషాలకంటె ఎక్కువసేపు వద్దనీ, రక్తపుపోటు వున్నవాళ్ళకి మంచిది కాదనీ మా వూరి డాక్టరుగారు చెప్పి పంపారు. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను.

"అదృశ్యంతి ఆయన వెనకాలే నడిచొచ్చిందిట" అన్నారు ఆవిడ కళ్ళు తెరవకుండానే.

నేను లెక్క మరిచిపోయాను.

"పోయినవాడి పెళ్ళాం. కడుపుతో వుంది. అంత దూరమూ ఆయన వెనకాలే వచ్చింది. ఆయన తిరిగి చూడలేదు. కడుపులోని పిల్లాడు వేదం చెబుతుంటే అప్పుడు కదా ఎవరూ అని అడిగాడు." కాసేపాగి, "ఎంత దూరం నడిచిందో" అన్నారు.

ఆ పిల్లాడే పరాశరుడు. ఆయన కొడుకు వ్యాసుడు. ఈ మాట నేనక్కడ అనలేదు. ఆవిడ పక్కన కూర్చుని వుండిపోయాను. పదిహేను నిమిషాలూ ఎప్పుడో దాటాయి.

నాలుగురోజులు వున్నాం. పొద్దున్నా సాయంత్రం తొట్టి. మధ్యలో ఎండలో కూర్చోవడం. అక్కడ సిడ్డూ అని ఒకటి చేస్తారు. పులిసిన గోధుమపిండిలో గసగసాలో అక్రోటు పప్పో నూరి పెట్టి, ఆవిరిమీద వుడికించి, నెయ్యి పోసి ఇస్తారు. అత్తగారు ఒకటి తిని, "ఇది మన కుడుమేనే, వూరు మారి లావయింది" అని ఇంకొకటి అడిగారు. మావారు జోగినీ జలపాతందాకా నడిచి వచ్చి, ఆ రాత్రంతా తన మోకాళ్ళు పట్టించుకున్నారు.

మూడోరోజు మనాలిలో హిడింబ గుడికి తీసుకెళ్ళాను. దేవదారు అడవి మధ్య, మెట్లు మెట్లుగా కొయ్య కప్పులతో, 1553లో రాజా బహదూర్ సింగు కట్టించిన గుడి. తలుపులనిండా చెక్కడాలు. హిడింబ ఇక్కడ రాక్షసి కాదు, దేవత. కులూ రాజవంశానికి నాయనమ్మ వరస; ఆవిడ రానిదే కులూ దసరా మొదలుకాదు. మనకా, హిడింబ అంటే 1957 నాటి "మాయాబజార్"లో సూర్యకాంతం! నాకు నవ్వు ఆగలేదు. అత్తగారూ నవ్వారు. తరవాత కాస్త దూరంలో ఒక చెట్టుకింద ఘటోత్కచుడి స్థలం చూసి నవ్వు ఆపేశారు. యుద్ధంలో పోయాడు కదా. "ఈవిడా కొడుకుని పోగొట్టుకున్నదే" అని, తిరిగి గుడిలోకి వెళ్ళి ఇంకోసారి దణ్ణం పెట్టుకుని వచ్చారు.

(మేము వచ్చిన మరుసటి ఏడు, 2023 జూలైలో, ఆ బియాస్ భయంకరంగా పొంగింది. రోడ్లు, వంతెనలు, ఒడ్డున కట్టిన ఇళ్ళు కొట్టుకుపోయాయి. లాడ్జీ ఆసామికి ఫోను చేస్తే ఎన్నో రోజులు దొరకలేదు. దొరికాక, వూరు కొండమీదుంది గనక బతికామన్నాడు. తాతగారి ఇల్లు ఎలా వుందని మావారు అడిగారు. "దానికేమండీ" అన్నాడట.)

బయలుదేరే ముందురోజు సాయంత్రం, తొట్టిలో స్నేహమైన ఆవిడ గుడి మెట్లమీద కూర్చుని వున్ని మేజోళ్ళు అల్లుతూ కనిపించింది. పక్కన బుట్టలో అమ్మకానికి పెట్టినవి. ఎర్రటివి, కులూ శాలువల అంచు ముగ్గులాంటిదే చిన్నగా వేసినవి. అత్తగారు ఒక జత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పిల్ల పాదం ఎంతుంటుంది?" అన్నారు నాతో.

ఏ పిల్ల అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. "మూడేళ్ళయింది కదా చూసి. నాకూ తెలీదు అత్తయ్యా."

"ఫోను కలుపు."

కలిపాను. పిల్లే ఎత్తింది. ఆవిడ రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఉపోద్ఘాతమేమీ లేకుండా, "నీ పాదం పొడుగెంతే?" అన్నారు.

అవతల కాసేపు నిశ్శబ్దం. "ఎవరూ?"

ఆవిడకి గొంతు రాలేదు. మళ్ళీ "ఎవరండీ?" అంది పిల్ల.

"నేనే. నాయనమ్మని."

పిల్ల స్కేలు తెస్తానుండమని పరిగెత్తిన చప్పుడు నాకే వినిపించింది. 21 సెంటీమీటర్లని చెప్పింది. ఆ లెక్క ఆవిడకి తెలియదు. నేను చేతులతో చూపించాను. వూరి ఆవిడ బుట్టంతా వెతికి ఒక జత తీసింది. అత్తగారు అది వద్దని, దానికంటె కాస్త పెద్దది తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో విమానం దిగాక, రాజమండ్రి విమానానికి నాలుగుగంటల వ్యవధి వుంది. అత్తగారు సంచి వొళ్ళో పెట్టుకుని కూర్చుని, "వాళ్ళ ఇల్లు ఇక్కడికెంత దూరం?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపలే మావారు టిక్కెట్లు మార్చే కౌంటరు వైపు వెళ్ళిపోయారు.

మోకాళ్ళ సంగతి అడుగుతారేమో. కార్తీకమాసం వెళ్ళేసరికి మళ్ళీ మొదలయ్యాయి. వావిలాకు కాస్తున్నాం.